మెటాలికా ‘72 సీజన్స్’: 24 నిమిషాలు కోసేస్తే మంచి ఆల్బమ్

2023 ఏప్రిల్ 14న వచ్చిన ఆల్బమ్‌కి ఇప్పుడు సమీక్ష ఏమిటని అడగొచ్చు. అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా రికార్డుని వచ్చిన వారంలోనే తూస్తే తక్కెడ ఎటో ఒకవైపు బోల్తా కొడుతుంది. 2003లో ‘సెయింట్ యాంగర్’లో రేకు డబ్బా మోగినట్టున్న స్నేర్ డ్రమ్‌ని ధైర్యం అని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. 2008లో ‘డెత్ మ్యాగ్నెటిక్’ పాటల ఊపులో పడి, శబ్దం పగిలిపోతోందన్న సంగతి చాలామంది ఆలస్యంగా గమనించారు. అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో సీడీ కంటే శుభ్రంగా వినిపించాయి. అందుకే ఈ బ్యాండ్ విషయంలో పాతబడ్డాక చెప్పే మాటే నిలుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. 12 పాటలు, 77 నిమిషాల 10 సెకన్లు. అందులో ఒక 53 నిమిషాలు 1991 నాటి బ్లాక్ ఆల్బమ్ తర్వాత వీళ్ళు చేసినవాటిలో మేలైనవి. మిగిలిన 24 నిమిషాలు చెడ్డవేమీ కావు, ఉత్తినే ఉన్నాయి. పెళ్ళి భోజనంలో రెండోసారి తెచ్చిన పులిహోరలాగ.

పేరు సంగతి. మనిషి జీవితంలో మొదటి 18 ఏళ్ళు, ఏడాదికి నాలుగు కాలాల చొప్పున 72. (మన ఆరు ఋతువుల లెక్కన వేస్తే సరిగ్గా 108 వస్తుంది. ఆ పేరు పెట్టుంటే మనవాళ్ళు భక్తి ఆల్బమ్ అనుకుని కొనేవారు.) ఆ పద్దెనిమిదేళ్ళలో నెత్తికెక్కించిన నమ్మకాల్ని పెద్దయ్యాక మోస్తూ తిరుగుతామా, దించుకుంటామా అన్నదే గాయకుడు, గిటారిస్ట్ హెట్‌ఫీల్డ్ రాసిన మాటల సారం. పసుపు అట్ట మీద నల్లగా కాలిపోయిన పసిపిల్లల తొట్టి మంచం అందుకే. 59 ఏళ్ళ వయసులో అతను సైతాన్లనీ యుద్ధాలనీ పక్కనబెట్టి సిగ్గునీ భయాన్నీ వ్యసనాన్నీ నేరుగా పేరుపెట్టి పాడాడు. ‘స్క్రీమింగ్ సూయిసైడ్’లో ఆత్మహత్య ఆలోచనని నోరు విప్పి చెప్పుకోవాలన్న మాట ఉంది. పాట మాత్రం ఏడుపు పాట కాదు, పాతకాలపు బ్రిటిష్ మెటల్ పరుగు. గొంతు బాగుంది. కోరస్‌లలో తన గొంతు మీదే ఇంకో పొర పాడి కలిపిన చోట్లు ‘షాడోస్ ఫాలో’లో వినండి.

ఇక అసలు లోపం. పాటలు పొడుగైనందుకు ఈ బ్యాండ్‌ని ఎవరూ తప్పుపట్టరు. 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ టైటిల్ పాట ఎనిమిదిన్నర నిమిషాలు. అందులో నిమిషానికో కొత్త రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస), మధ్యలో వేగం తగ్గి గిటార్లు మెత్తబడడం, మళ్ళీ లేవడం. ఆ పొడుగు మార్పుల వల్ల వచ్చింది, ఈ ఆల్బమ్‌లో పొడుగు తిప్పి తిప్పి వాయించడం వల్ల వచ్చింది. రిఫ్ నాలుగు సార్లు గిటార్ ఒక్కటే, మళ్ళీ నాలుగు సార్లు డ్రమ్స్‌తో, చరణం, కోరస్‌కి ముందు మెట్టు, కోరస్, మళ్ళీ అదే వరస, సోలో, చివర్లో మొదటి రిఫ్ ఇంకో నాలుగు సార్లు. ఈ అచ్చు ఒకసారి చెవికి తెలిసిందంటే ‘చేజింగ్ లైట్’ 6:45లో నాలుగున్నర నిమిషాల సరుకే ఉందని తెలిసిపోతుంది. ‘స్లీప్‌వాక్ మై లైఫ్ అవే’ బేస్ గిటార్‌తో బాగానే మొదలవుతుంది, 6:56 దాకా వెళ్ళేంత దమ్ము దానికి లేదు. ‘క్రౌన్ ఆఫ్ బార్బ్‌డ్ వైర్’ బరువుగా నడుస్తుంది, ఎక్కడికీ చేరదు. ‘టూ ఫార్ గాన్?’ 4:34 మాత్రమే, చెడ్డది కాదు. దాని పక్కనే అదే పనిని ‘రూమ్ ఆఫ్ మిర్రర్స్’ ఇంకా బాగా చేస్తోంది కాబట్టి అదీ పోవచ్చు.

ఇంకో లోటు, గట్టి నుంచి గట్టికి తప్ప మెత్తదనం దాదాపు లేదు. 1984 నుంచి 1991 దాకా ప్రతి ఆల్బమ్‌లోనూ శుభ్రమైన గిటార్‌తో మొదలై నెమ్మదిగా మండే పాట ఒకటి ఉండేది. ఇందులో అలాంటి మెత్తని పాట, బ్యాలడ్, ఒక్కటీ లేదు. చెవికి విరామం దొరక్కపోతే ఎనిమిదో పాటకి మంచి రిఫ్ కూడా మామూలుగా వినిపిస్తుంది. ‘ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్’కి తొమ్మిదో స్థానంలో జరిగిన అన్యాయం అదే. డ్రమ్స్ మెల్లగా పోగవుతూ వచ్చే ఆ మొదలు ఆల్బమ్‌లో అన్నిటికన్నా బాగా కట్టింది. అక్కడికి చేరేసరికి వినేవాడు అలిసిపోయి ఉంటాడు.

కాబట్టి ఈ వరస పెట్టుకోండి: ‘72 సీజన్స్’ 7:39, ‘షాడోస్ ఫాలో’ 6:12, ‘స్క్రీమింగ్ సూయిసైడ్’ 5:30, ‘ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్’ 6:36, ‘లక్స్ ఎటెర్నా’ 3:22, ‘యూ మస్ట్ బర్న్!’ 7:03, ‘రూమ్ ఆఫ్ మిర్రర్స్’ 5:34, ‘ఇనమొరాటా’ 11:10. మొత్తం 53 నిమిషాల 6 సెకన్లు. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ మొత్తం కూడా ఇంచుమించు అంతే, ఒకటిన్నర నిమిషం ఎక్కువ. ‘యూ మస్ట్ బర్న్!’ని ‘లక్స్ ఎటెర్నా’ తర్వాతికి జరపడం కావాలని చేసిందే. మూడు నిమిషాల పరుగు తర్వాత ఏనుగు నడక పడితే రెండూ నిలబడతాయి. అందులో వెనక వినిపించే గొంతు బేసిస్ట్ ట్రుహీయోది.

‘లక్స్ ఎటెర్నా’ గురించి ఒక్క ముక్క. పేరు లాటిన్, శాశ్వత జ్యోతి అని. 2022 నవంబర్ 28న ముందుగా వదిలిన పాట ఇదే. పాత వినికిడి ఉన్నవాళ్ళకి రెండు చోట్ల నవ్వొస్తుంది. వేగం గురించిన ఒక మాట 1983 నాటి వాళ్ళ సొంత పాట ‘మోటర్‌బ్రెత్’ నుంచి తిరిగొచ్చింది. పిడుగు, దేశం అనే మాట బ్రిటిష్ బ్యాండ్ డైమండ్ హెడ్ 1980లో వేసిన మొదటి ఆల్బమ్ ‘లైట్నింగ్ టు ద నేషన్స్’ పేరుని తలపిస్తుంది. కుర్రతనంలో ఎవరిని విని పెరిగారో వాళ్ళకి పెట్టిన దండం ఇది. టైటిల్ పాట 2024లో గ్రామీ తెచ్చుకుంది గానీ, ఊళ్ళో ఎవరికైనా ఆల్బమ్ అంటించాలంటే ముందు ఈ పాటే వినిపించండి. విశాఖలో మెటల్ అంటే స్టీల్ ప్లాంటే గుర్తొచ్చేవాళ్ళకి ఏడున్నర నిమిషాలతో మొదలెడితే పారిపోతారు.

గిటారిస్ట్ హ్యామెట్ సోలోల దగ్గర అభిమానులు కొట్టుకుంటారు. రిఫ్‌లు దాచుకున్న ఫోన్ పోగొట్టుకుని 2016 ఆల్బమ్‌లో రచన పేర్లలో లేకుండా పోయిన మనిషి ఇందులో మళ్ళీ కనిపిస్తాడు, అది సంతోషమే. సోలోలు మాత్రం చాలావరకు అప్పటికప్పుడు వాయించినట్టుంటాయి. అదే పెంటాటోనిక్ (ఐదు స్వరాల) వరస, దాని మీద గిటార్‌ని ‘వా వా’ అనిపించే వా పెడల్. ‘రూమ్ ఆఫ్ మిర్రర్స్’లో రెండు గిటార్లు జంటగా పాడే చోట కూర్చుని కట్టినదానికీ చేతికొచ్చింది వాయించినదానికీ తేడా తెలుస్తుంది.

శబ్దం విషయానికొస్తే, నిర్మాణం గ్రెగ్ ఫిడెల్మన్‌ది, హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ అల్రిక్‌లతో కలిసి. ‘డెత్ మ్యాగ్నెటిక్’లో వినిపించిన చిట్లుడు లేదు. 1988 నాటి ‘జస్టిస్’లో మాయమైన బేస్ ఇక్కడ ప్రతి పాటలోనూ చెవికి దొరుకుతుంది. స్నేర్ మాత్రం బాగా ముందుకొచ్చి కూర్చుంది. చిన్న ఇయర్‌ఫోన్లలో అరగంటకే గుచ్చుకుంటుంది. ఈక్వలైజర్‌లో 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. బేస్ బూస్ట్ ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఇందులో గిటార్ కింది తీగలూ కిక్ డ్రమ్మూ బేసూ ఒకే మూలలో ఇరుక్కుని ఉంటాయి, అక్కడ పెంచితే మూడూ కలిసి బురద అవుతాయి. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఆన్‌లోనే ఉంచండి, లేకపోతే 1986 పాట తర్వాత ఈ ఆల్బమ్ పాట వచ్చినప్పుడు కొత్తది గట్టిగా ఉంది కాబట్టి బాగుందనిపిస్తుంది. పోల్చడంలో అందరూ పడే గొయ్యి ఇదే.

విశాఖ బీచ్ రోడ్డు మీద నడుస్తూ వినడం అందంగా ఉంటుందనుకుంటారు గానీ ఈ ఆల్బమ్‌కి అది పనికిరాదు. కెరటాల హోరూ గాలీ కలిసి సరిగ్గా కింది స్వరాల్ని మింగేస్తాయి, స్నేరూ గొంతూ మిగులుతాయి. కారులో గాజువాక వైపు హైవే ఎక్కినా అంతే, టైర్ల రొదలో బేస్ పోతుంది. అప్పుడు బేస్ పెంచకుండా అద్దాలు మూసి మొత్తం వాల్యూమ్ కొంచెం పెంచాలి. రుషికొండ దాటి భీమిలి దాకా రాత్రిపూట ఖాళీ రోడ్డు దొరికితే పైన చెప్పిన 53 నిమిషాల వరస హాయిగా నడుస్తుంది.

సీడీ తీసుకోవాలా, ఎల్‌పీ (వినైల్ రికార్డు) తీసుకోవాలా? ఈ ఊరికి సీడీ. 77 నిమిషాలూ ఒకే డిస్కులో పట్టాయి. ఎల్‌పీ రెండు డిస్కులు, పక్కకి మూడేసి పాటలు. చిక్కు నాలుగో పక్కన ఉంది. ‘టూ ఫార్ గాన్?’, ‘రూమ్ ఆఫ్ మిర్రర్స్’ అయ్యాక పదకొండు నిమిషాల ‘ఇనమొరాటా’ డిస్కు లోపలి గాడుల్లోకి వెళ్తుంది. ఎల్‌పీలో లోపలికి వెళ్ళేకొద్దీ సూది కింద ఒక చుట్టులో దొరికే గాడి పొడవు తగ్గుతుంది, సింబల్స్ ‘స్స్’ మని చిరుగుతాయి. ఆల్బమ్‌లో మేటి పాట అక్కడే పడింది. సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ అమరిక సరిగ్గా లేకపోతే ముందు ఇక్కడే బయటపడుతుంది. సూది బరువు కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన పరిధిలో పైఅంచుకి దగ్గరగా పెడితే కొంత నయం.

పైగా ఉప్పుగాలి, తేమ. కాగితం లోపలి కవర్లు వానాకాలంలో మెత్తబడి బూజు పడతాయి, ఆ బూజు గాడుల్లో దిగితే చిటపట మొదలవుతుంది. కొన్న రోజే పాలిథీన్ లోపలి కవర్లలోకి మార్చి, నిలువుగా నిలబెట్టి, అరలో సిలికాజెల్ పొట్లాలు పడేయండి. బూజు పడితే ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి తుడవాలి, అడ్డంగా కాదు. ఆంప్లిఫైయర్ వెనక పిన్నులకి పచ్చగా చిలుము పట్టి ఒక పక్క శబ్దం పోతుంటే మూడు నెలలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. తీరానికి దగ్గరగా ఉండేవాళ్ళు రెండు నెలలకోసారి.

కాలేజీ ఫెస్టులకి ‘లక్స్ ఎటెర్నా’ ఎత్తుకునే బ్యాండ్లకి ఒక హెచ్చరిక. రికార్డులో గిటార్ మామూలు ‘E’ శ్రుతిలో ఉంది. స్టేజి మీద వాళ్ళు అర మెట్టు కిందికి దించి వాయిస్తారు. లైవ్ వీడియోకి శ్రుతి కలుపుకుని, రికార్డు పెట్టుకుని సాధన చేస్తే ఒకటి ఇంకోదానితో కలవదు. తప్పు గిటార్‌ది అనుకుని తీగలు మారుస్తుంటారు. పాడేవాడి గొంతుకి ఏది అందుతుందో చూసి ఒకటే శ్రుతి ఖాయం చేసుకోండి. రిఫ్ మొత్తం పైనుంచి కిందికి కొట్టే పిక్కింగ్‌తోనే వాయించాలి, కిందా మీదా కొడితే వేగం వస్తుంది, ఆ కరుకుదనం రాదు. మణికట్టు బిగుసుకుంటే వేగం పది శాతం తగ్గించి వారం చేయండి.

ఇక ‘ఇనమొరాటా’. వాళ్ళ సొంత ఆల్బమ్‌ల కోసం తాము రాసుకున్న పాటల్లో ఇదే అన్నిటికన్నా పొడుగైనది, ఇన్ని నిమిషాల ఆల్బమ్‌లో ఒక్క సెకను కూడా వృథా కానిది కూడా ఇదే. ఇటాలియన్ నుంచి వచ్చిన ఆ మాటకి ప్రియురాలు అని అర్థం. ఇక్కడ ప్రియురాలు దుఃఖం. వదిలించుకోలేనిది, వదిలించుకోవాలని లేనిది. మొదటి సగం పాత బ్రిటిష్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ పద్ధతిలో బరువుగా ఊగుతుంది. నడిమికి వచ్చాక అన్నీ తగ్గిపోయి బేసూ పల్చని సింబలూ మిగులుతాయి. ఆల్బమ్ మొత్తానికి దొరికిన ఒకే ఒక్క ఊపిరి అది. అక్కడ వాల్యూమ్ పెంచకండి. రెండు గిటార్లు జంటగా లేచి మళ్ళీ ఆ బరువు మీదికొచ్చేటప్పుడు, పెంచనివాళ్ళకే దాని పూర్తి ఎత్తు తెలుస్తుంది.