బాత్రూమ్ గుమ్మం 25 అంగుళాలు, వీల్‌చైర్ 26: గోడ కొట్టించాలా, తలుపు మార్చాలా?

నాన్నకు పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన సాయంత్రమే తెలిసింది. వీల్‌చైర్ హాల్లో తిరుగుతోంది, పడగ్గదిలోకీ పోతోంది, బాత్రూమ్ దగ్గర ఆగిపోయింది. గుమ్మం బయటి కొలత రెండున్నర అడుగులే గానీ, ద్వారబంధం చెక్క అటూ ఇటూ రెండున్నర అంగుళాల చొప్పున తినేసి 25 మిగిల్చింది. తెరిచిన తలుపు మందం మరికాస్త తింటుంది. పైగా మంచి చేత్తో ఒక్క చక్రమే తిప్పుకునే మనిషి కుర్చీ నిటారుగా పోదు, వంకరగా పోతుంది. పడగ్గది గుమ్మానికి ఆయన వేలి కణుపులు రెండుసార్లు గీరుకుపోయాక గానీ ఈ లెక్క మాకు తట్టలేదు.

దివ్యాంగులకు అనువైన కట్టడాల కోసం 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్ల (సుమారు 35 అంగుళాల) ఖాళీ ఉండాలి. అమెరికాలో కనీసం 32 అంగుళాలు. మన పాత ఫ్లాట్లలో బాత్రూముకు అంత రావడం కష్టం. కాబట్టి ఉన్న చోటులో ఎంత రాబట్టగలం అన్నదే ప్రశ్న.

మేస్త్రీ మొదటి మాట: "గోడ కొట్టేద్దాం సార్, రెండు రోజుల పని." ఇటుక గోడైతే కుదురుతుంది. కానీ పైన లింటెల్ (గుమ్మం మీది గోడ బరువు మోసే దూలం) చివరలు గోడలో కనీసం ఆరంగుళాలైనా ఆనాలి. గుమ్మం వెడల్పు చేసిన పక్క ఆ ఆనిక తగ్గితే కొత్త లింటెల్ వేయాలి. అప్పుడది రెండు రోజుల పని కాదు. హైదరాబాద్ కొత్త టవర్లలో లాగా మైవాన్ గోడలైతే (అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలు) ఆ ఆలోచనే వద్దు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మాత్రం బాత్రూముకూ మూడడుగుల పైనే గుమ్మం పెట్టించుకోండి, ఇప్పుడైతే పెద్ద ఖర్చు కాదు.

చవకైన దారి ఆఫ్‌సెట్ హింజెస్, అంటే వంపు తిరిగిన తలుపు బందులు. మామూలు బందుల మీద తలుపు తొంభై డిగ్రీలు తెరిచినా రెక్క గుమ్మంలోనే నిలబడుతుంది. వీటితో పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. లాభం తలుపు మందమంత, అంటే అంగుళం నుంచి అంగుళంన్నర. ఇరుక్కునే కుర్చీకి ఒక్కోసారి అదే చాలు. మాకు చాలలేదు.

మడత పెట్టే పీవీసీ తలుపు నాకు నచ్చలేదు. మడిచిన పలకలన్నీ గుమ్మంలోనే ఒక పక్క కూర్చుంటాయి. దానికన్నా భయం ఇంకోటి: కాళ్లు తడబడే మనిషి చేతికందింది పట్టుకుంటాడు, అది ఊగే పీవీసీ పలక కాకూడదు.

చివరికి మేం చేయించింది స్లైడింగ్ తలుపు. అసలు లాభం తలుపులో లేదు, ద్వారబంధం పీకేయడంలో ఉంది. స్లైడింగ్ రెక్క గోడకు బయటి వైపున, పై పట్టా మీద వేలాడుతుంది గనక చౌకట్టుతో పని లేదు. అది తీసి గోడ అంచులకు గ్రానైట్ పట్టీలు అతికిస్తే 28 అంగుళాలు దాటింది. గోడ ముట్టుకోలేదు. లోపల ఎవరైనా పడిపోయినా తలుపు వాళ్లకు అడ్డుపడదు. లోపలికి తెరుచుకునే తలుపుతో ఉన్న అతి పెద్ద ప్రమాదం అదే.

చిక్కులూ ఉన్నాయి. రెక్క జరగడానికి పక్క గోడ ఖాళీగా ఉండాలి; మా స్విచ్‌బోర్డు మార్చాల్సి వచ్చింది. చుట్టూ సందు ఉంటుంది, వాసనా శబ్దమూ పూర్తిగా ఆగవు. పిడి సంగతి వడ్రంగికి ముందే చెప్పాలి. గుంట పిడిలో బలం లేని వేళ్లు పట్టు దొరకక జారిపోతాయి. లోపలి వైపు డి ఆకారపు పిడి పెడితే అది గోడ అంచుకు తగిలి రెక్క పూర్తిగా పక్కకు పోదు, కష్టపడి సంపాదించిన రెండంగుళాలు పోతాయి. కాబట్టి పిడి ఎక్కడ పెడితే ఎంత ఖాళీ పోతుందో ముందే కొలిచి చూసుకోండి.

ఇక గడప. బాత్రూములో నిస్సంకోచంగా తీసేయండి. నీళ్లు బయటకు రాకుండా నేల వాలు సరిచేసి, గుమ్మం దగ్గర జాలీ కాలువ వేస్తే సరిపోతుంది. వీధి గుమ్మం గడప జోలికి మాత్రం వెళ్లనివ్వలేదు అమ్మ. శుక్రవారం పసుపు రాసే గడప మరి. రెండంగుళాల ఎత్తుకు 1:12 వాలు (అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు) లెక్కన రెండడుగుల చెక్క ర్యాంపు కావాలి, లోపలా బయటా. శాశ్వతంగా సిమెంటు పోస్తే వచ్చేపోయేవాళ్లు తట్టుకుంటారు. తీసి పెట్టే పలకలే నయం.

గొళ్లెం ఒక్కటి మరిచిపోకండి: బయట నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తెరవగలిగేదే కొనండి.