విశాఖలో ఏకస్ఫటిక ఎక్స్-రే సేవ: నైట్రోజన్ క్రౌన్ ఈథర్లపై పనిచేసేవారి కోసం

డయాజా-18-క్రౌన్-6కూ (పద్దెనిమిది పరమాణువుల వలయంలో నాలుగు ఆక్సిజన్లు, రెండు నైట్రోజన్లు ఉండి, మధ్యలో లోహ అయాన్‌ను పట్టుకునే క్రౌన్ ఈథర్) పొటాషియం థయోసయనేట్‌కూ మధ్య ఏర్పడే సంక్లిష్ట సమ్మేళనం నిర్మాణాన్ని తేల్చుకోవడానికి విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు విశ్లేషణ కేంద్రంలో ఏకస్ఫటిక ఎక్స్-రే వివర్తన (ఒక స్ఫటికంపై పడి చెదిరిన ఎక్స్-రేల నుంచి పరమాణువుల స్థానాలు కనుక్కునే పద్ధతి) సేవ తీసుకున్నాను. ఇలాంటి అణువులపై పనిచేసేవారు రుసుము కట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి.

మొదట మెచ్చుకోవలసింది స్ఫటికాలను వారు సంభాళించిన తీరు. మన సముద్రపు గాలి తేమకు థయోసయనేట్ లవణాలు ఇట్టే చెమ్మగిల్లుతాయి. అందుకే అక్కడి నిపుణురాలు స్ఫటికాలను ద్రావణంలోంచి నేరుగా నూనె చుక్కలోకి తీసి, ధ్రువణ సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే తిప్పి చూసి, ఒక్కసారిగా పూర్తిగా నల్లబడని వాటిని జంట స్ఫటికాలుగా (వేర్వేరు దిశల్లో కలిసి పెరిగినవిగా) అనుమానించి పక్కన పెట్టి, 0.2 మిల్లీమీటర్ల ముక్కనొకదాన్ని నైలాన్ ఉచ్చుతో ఎత్తి 100 కెల్విన్ల నైట్రోజన్ వాయుధారలో నిలిపారు. ఈ శీతలీకరణకు విడిగా రుసుము ఉన్నా, క్రౌన్ ఈథర్ల విషయంలో అది తప్పించుకోకూడని ఖర్చు. గది ఉష్ణోగ్రత వద్ద వలయంలోని ఇథిలీన్ భాగాలు (రెండేసి కార్బన్ల ముక్కలు) ఎక్కువగా ఊగిసలాడతాయి కనుక కార్బన్-కార్బన్ బంధాలు ఉన్నదానికన్నా పొట్టిగా తేలతాయి.

వలయపు ఆకృతిని నివేదిక చక్కగా చూపింది. రసాయన శాస్త్రవేత్త పెడర్సన్ 1967లో క్రౌన్ ఈథర్లను ప్రకటించినప్పటి నుంచి మనల్ని ఆకట్టుకుంటున్నది ఈ అమరికే కదా. ఖాళీగా ఉన్న 18-క్రౌన్-6 స్ఫటికంలో రెండు మిథిలీన్ గుంపులు లోపలికి మళ్లి కుహరాన్ని పూడ్చుకుంటాయి. పొటాషియం చేరగానే వలయం విచ్చుకుని, దాత పరమాణువులన్నీ (లోహానికి ఎలక్ట్రాన్ జంటను అందించేవి) లోహం వైపు తిరుగుతాయి. మా సమ్మేళనంలోనూ ఆక్సిజన్లు పొటాషియానికి సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాంల దూరంలో ఉన్నాయి, కార్బన్-కార్బన్ బంధాల చుట్టూ టార్షన్ కోణాలు (మెలిక కోణాలు) 60 డిగ్రీల పరిసరాల్లో వచ్చాయి.

లోపం మాత్రం అసలు ప్రశ్న దగ్గరే దొర్లింది. ద్రావణంలో నైట్రోజన్ తన మూడు బంధాలతో ఏర్పరిచే పిరమిడ్ క్షణక్షణం తలకిందులవుతూ ఉంటుంది. స్ఫటికంలో అది ఏదో ఒక వైపుకు స్థిరపడుతుంది. నైట్రోజన్ మీద బంధంలో పాల్గొనకుండా మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ జంట లోపలికి ఉందా, హైడ్రోజన్ లోపలికి ఉందా అన్నదాన్ని బట్టే ఈ అణువు కథ నడుస్తుంది. మొదటి నివేదికలో ఒక్కో నైట్రోజన్ చుట్టూ ఉన్న మూడు కోణాలనూ కూడితే కచ్చితంగా 360 డిగ్రీలు వచ్చింది. అమైడ్‌లో చెల్లే ఆ చదునైన అమరిక మా అణువులోని నైట్రోజన్ లాంటి అమైన్‌కు చెల్లదు. ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూపే ఎలక్ట్రాన్ సాంద్రత పటంలో హైడ్రోజన్ ఎక్కడుందో వెతకకుండా, ప్రోగ్రాం లెక్కగట్టిన చోటే దాన్ని ఉంచేశారన్నమాట. ఎక్స్-రేలకు హైడ్రోజన్ చాలా మసకగా కనిపిస్తుందన్నది నిజమే గానీ, 100 కెల్విన్ల వద్ద సేకరించిన ఇంత మంచి దత్తాంశంలో అది దొరకనంత కష్టమైనది కాదు. విషయం చెప్పగానే వారు వాదించకుండా, అదనపు రుసుము అడగకుండా పటాన్ని తిరిగి పరిశీలించి, ఒంటరి జంట పొటాషియం వైపూ హైడ్రోజన్ దానికి దూరంగానూ ఉన్న సరైన నమూనాను పంపారు.

సాధారణ కర్బన సమ్మేళనాలకు ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నైట్రోజన్ క్రౌన్ ఈథర్లు పంపేవారు మాత్రం నైట్రోజన్ మీది హైడ్రోజన్లను పటంలోంచే గుర్తించాలని దరఖాస్తులోనే రాసి ఇవ్వాలి, తేలిన నిర్మాణం వివరాలుండే సి.ఐ.ఎఫ్. ఫైలుతోపాటు వివర్తన తీవ్రతల ఫైలునూ అడిగి తీసుకోవాలి, ఎందుకంటే అడగనిదే దాన్ని పంపరు.