హాస్టలా, అద్దె గదా, ఇంటి నుంచి రాకపోకలా? ఉస్మానియాలో పీజీ చేరేవారికి ఏది మేలు

పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ సీట్ల కేటాయింపు జాబితాలు వెలువడగానే ఏ కోర్సులో చేరాలన్న మథనం ముగిసి, ఎక్కడ ఉండి చదువుకోవాలన్న మథనం మొదలవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సిద్దిపేట వైపుల నుంచి వచ్చేవారు హాస్టల్ సీటు కోసం ఆగాలా, తార్నాకలోనో విద్యానగర్‌లోనో ముందే గది చూసుకోవాలా అని అడుగుతారు. భువనగిరి, జనగామ, షాద్‌నగర్ వంటి ఊళ్ల వారు రైలుంది గనుక రోజూ వచ్చిపోతే సరిపోదా అంటారు. ప్రతి ఏటా ఇదే ప్రశ్న, ఇంచుమించు ఇవే మాటల్లో వస్తున్నందున, ఉస్మానియా ప్రధాన క్యాంపస్‌ను దృష్టిలో పెట్టుకొని నాకు తోచిన తూకాన్ని ఒకచోట రాస్తున్నాను.

తల్లిదండ్రులు మొదట అడిగేది ఖర్చు గురించి కాబట్టి ముందుగా ఆ సంగతి చూద్దాం. ఉపకార వేతనానికి అర్హత ఉన్న విద్యార్థికి మూడింటిలోనూ హాస్టలే చౌక. ప్రభుత్వ ఉపకార వేతనాల ఆన్‌లైన్ పోర్టల్ ఈపాస్‌లో మంజూరయ్యే మొత్తం రెండు భాగాలుగా ఉంటుంది: ఫీజు కింద ఆర్‌టీఎఫ్, నిర్వహణ కింద ఎంటీఎఫ్. ఈ రెండో భాగం హాస్టల్ విద్యార్థికి ఎక్కువగా, హాస్టల్‌లో ఉండకుండా బయటి నుంచి వచ్చే డే స్కాలర్‌కు తక్కువగా ఉంటుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలను, అంటే భోజన ఖర్చు కింద ఇచ్చే మొత్తాన్ని, పెంచినప్పుడు, సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్మీడియట్ నుంచి పీజీ వరకు చదివేవారికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్నది 2,100 రూపాయలైంది. విశ్వవిద్యాలయ హాస్టళ్ల మెస్సుల్లో నెల ఖర్చంతా కలిపి తిన్నవారి మీద పంచే పద్ధతి వాడుకలో ఉంది. బిల్లు ఉపకార వేతనాన్ని మించిన నెలలో తేడా విద్యార్థే కట్టుకోవాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ బాకీ పెరుగుతూ పోయి, చివరికి హాల్‌టికెట్ వేళ గుర్తుకు వస్తుంది. అయినా అద్దె, అడ్వాన్సు, గ్యాసు, కరెంటు బిల్లులతో పోలిస్తే ఇది చిన్న భారమే. ఇదివరకే ఒక పీజీ పూర్తిచేసి మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరేవారికి ఉపకార వేతనం రాదు కనుక, వారు ఈ లెక్కను పక్కన పెట్టి చూసుకోవాలి.

అయితే నా ఉద్దేశంలో ఈ ఎంపికను తేల్చవలసింది ఖర్చు కాదు. తరగతులు ముగిసిన తర్వాత, అంటే సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది వరకు ఉండే సమయం ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు విషయం. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇంటి నుంచి విభాగానికి చేరడానికి గంటన్నర, తిరిగి వెళ్లడానికి మరో గంటన్నర పడుతుందనుకుంటే, నెలకు 22 పనిదినాలకు 66 గంటలవుతుంది. యూజీసీ ప్రమాణం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పేపర్‌కు 60 గంటలు. సెమిస్టర్ పొడవునా ఒక పేపర్ కోసం తరగతిలో కూర్చునే కాలం కంటే, ఒక్క నెలలో బస్సులోనో రైలులోనో గడిపే కాలం ఎక్కువన్న మాట. ప్రయాణంలో చదువుకోవచ్చునని అందరూ అంటారు. సీటు దొరికిన రోజున అది నిజమే కావచ్చు గాని, ఉదయం వేళ సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి తార్నాక బస్సు కోసం పరుగెత్తేవారిని చూస్తే ఆ మాట మీద పెద్దగా నమ్మకం కుదరదు.

ఆ సాయంత్రపు గంటల్లో ఏం జరుగుతుందో తెలియనివారికి ఈ లెక్క కేవలం అలసటకు సంబంధించినదిగా కనిపిస్తుంది. కోర్సును మలచుకునే పని చాలావరకు జరిగేది అప్పుడే. ఎలక్టివ్, అంటే మనం ఎంచుకునే ఐచ్ఛిక పేపర్, ఎంపిక పత్రం మీ చేతికి వచ్చిందనుకోండి. దానిలో రెండు మూడు పేపర్ల పేర్లుంటాయి, సిలబస్‌లో యూనిట్ల వివరాలుంటాయి, నింపి ఇవ్వడానికి నాలుగైదు రోజుల గడువు ఉంటుంది. ఆ పేపర్‌లో ఏ యూనిట్ గణితం లేకుండా సాగదో, దాని ప్రాక్టికల్స్ ఏ మధ్యాహ్నం పడతాయో, దానిని ఎంచుకున్నవారు చివరి సెమిస్టర్‌లో ఏ ప్రాజెక్టుల వైపు వెళ్లగలిగారో ఆ పత్రంలో ఉండదు. ఈ సంగతులు నిరుడు అదే పేపర్ చదివిన సీనియర్‌కు తెలుసు, ఆ సీనియర్ అదే వరండాలో నాలుగు గదుల అవతల ఉంటాడు. పాత ప్రశ్నపత్రాల జిరాక్సు కట్ట, ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో రాసిన యూనిట్ అంకెతో సహా, ఆ గది నుంచే మీకు అందుతుంది. స్పెషలైజేషన్లు ఉండే రసాయన శాస్త్రం వంటి కోర్సుల్లో ఈ మాటసాయానికి మరింత విలువ ఉంది, ఎందుకంటే అక్కడ ఒకసారి ఒక దారి పట్టాక వెనక్కి రావడం కష్టం. వాట్సాప్ బృందాల్లో ఇదంతా దొరుకుతుందన్న వాదన విన్నాను. తేదీలు, నోటీసులు నిజంగానే దొరుకుతాయి; ఏ పేపర్ ఎందుకు వద్దో మాత్రం ఎవరూ బృందంలో రాయరు, ఎదురుగా కూర్చున్నప్పుడే చెబుతారు.

ఇక హాస్టల్ వల్ల కలిగే నష్టాలను కూడా దాచకుండా చెప్పాలి. ఇద్దరికని కట్టిన గదిలో నలుగురు ఉండటం, కోర్సు ముగిసినా ఖాళీ చేయని నాన్ బోర్డర్లు, అతిథులుగా వచ్చి నెలల తరబడి ఉండిపోయే ఊరివాళ్లు, అర్ధరాత్రి పుట్టినరోజు కేకలు – ఇవి పాత విశ్వవిద్యాలయ హాస్టళ్లన్నిటా ఉన్నవే. పైగా 1969లోనూ, 2009 తర్వాతనూ తెలంగాణ ఉద్యమానికి కేంద్రంగా నిలిచిన క్యాంపస్ ఇది. సభలు, ధర్నాలు ఇక్కడి జీవితంలో భాగం, వాటిలో పాల్గొనడం వల్ల నేర్చుకునేదీ ఉంది. నేను అసలు ప్రమాదంగా భావించేది వేరొకటి. హాస్టల్‌లోని సీనియర్లలో చాలామంది గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగ పరీక్షలకు, పరిశోధన ఫెలోషిప్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ పరీక్షకు సిద్ధమవుతుంటారు. లైబ్రరీ రీడింగ్ హాల్‌లో ఏ బల్ల మీద చూసినా పాలిటీ, ఎకానమీ పుస్తకాలే కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన ఎం.ఎస్సీ విద్యార్థి రెండు నెలలు గడిచేసరికి తానూ అవే పుస్తకాలు ముందేసుకొని, తన మొదటి సెమిస్టర్ పేపర్లను ఇంటర్నల్స్ ముందు రాత్రికి వాయిదా వేయడం మొదలుపెడతాడు. ఉద్యోగ పరీక్షలకు చదవడం తప్పని నేననను. మొదటి సెమిస్టర్‌లో పేపర్ తప్పితే ఆ బ్యాక్‌లాగ్ సరిగ్గా ఎలక్టివ్‌లు, ప్రాజెక్టు వచ్చే సమయానికి మెడకు చుట్టుకుంటుంది కాబట్టి, ఆ చదువును రెండవ ఏడాదికి పెట్టుకోవడం మేలని మాత్రం చెబుతాను.

అద్దె గదికి మొగ్గు చూపేవారు ప్రధానంగా చెప్పే కారణం ప్రశాంతత. మాణికేశ్వర్‌నగర్, అడిక్‌మెట్, రామ్‌నగర్, హబ్సిగూడ ప్రాంతాల్లో విద్యార్థులకు గదులిచ్చే ఇళ్లు చాలానే ఉన్నాయి, అక్కడి నుంచి చాలా విభాగాలకు నడిచో సైకిల్ మీదో రావచ్చు. అంటే ప్రయాణంలో పోయే కాలం తక్కువ. కాని ఆ మిగిలిన కాలాన్ని వంట, గిన్నెలు, మంచినీళ్ల క్యాన్, ఇంటి యజమానితో మాటపట్టింపులు తినేస్తాయి. ముగ్గురు కలిసి గది తీసుకున్నప్పుడు వంట వంతుల కాగితం గోడకు అంటిస్తారు. మొదటి నెల దాటాక ఆ కాగితం గోడకే ఉంటుంది, వంట చేసేది మాత్రం ఒక్కడే. మరొక చిక్కు ఏమిటంటే, గది పంచుకునేది సాధారణంగా ఒకే ఊరివాళ్లు లేదా డిగ్రీలో కలిసి చదివినవాళ్లు. ఒకరు తెలుగు ఎం.ఏ., ఒకరు ఎం.కాం., మరొకరు కోచింగ్ విద్యార్థి అయినప్పుడు చదువు గురించిన మాట ఆ గదిలో పుట్టదు. అందుచేత కొత్తవారికి దీనిని నేను మొదటి ఎంపికగా చెప్పలేను. ప్రాజెక్టు రాసుకోవలసిన నాలుగవ సెమిస్టర్‌లో, అప్పటికే విభాగంలో నలుగురు స్నేహితులు ఏర్పడిన తర్వాత, వారిలో ఇద్దరితో కలిసి గదికి మారడం మాత్రం మంచి ఆలోచన. ఆ దశలో కావలసింది సలహా కంటే నిశ్శబ్దమే.

ఇంటి నుంచి వచ్చేవారి పరిస్థితి దూరాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. నగరంలోనే ఇల్లున్నవారికి సాధారణంగా హాస్టల్ సీటు దక్కదు గనుక, ఉప్పల్, నాగోల్, మెట్టుగూడ వైపు వారికి ఇది ఎంపిక కూడా కాదు. అయితే వారికి తార్నాక మెట్రో స్టేషన్ ఉంది, ఫలక్‌నుమా నుంచి కాచిగూడ మీదుగా వచ్చేవారికి ఎంఎంటీఎస్ దారిలో జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు క్యాంపస్‌కు ఆనుకొనే ఉన్నాయి. ముప్పావు గంటలో చేరగలిగితే ఇంటి భోజనాన్ని వదులుకోవలసిన అవసరం నాకు కనిపించదు. గంట దాటితేనే మళ్లీ ఆలోచించాలి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైన తర్వాత, జిల్లాల నుంచి రోజూ వచ్చే అమ్మాయిలకు ఖర్చు అనే అడ్డంకి తొలగింది. టికెట్ ఉచితమైనా గంటలు ఉచితం కావు. పైగా చార్జీ లేదన్న కారణంతోనే కొన్ని ఇళ్లలో హాస్టల్ మాట ఎత్తనివ్వడం లేదు. ఇలాంటివారు హాజరు 75 శాతానికి తగ్గకుండా ముందునుంచే చూసుకోవాలి. పరీక్షకు అనుమతి, ఉపకార వేతనం రెండూ దానితోనే ముడిపడి ఉన్నాయి, ఉదయం మొదటి తరగతి వారానికి రెండుసార్లు తప్పితే ఆ ఒక్క పేపర్‌లోనే లెక్క దిగజారుతుంది. దూరం నుంచి రావడం తప్పనివారికి నా సూచన ఒక్కటే: వారంలో కనీసం రెండు రోజులు ఆఖరి తరగతి అయిన వెంటనే బయలుదేరకుండా, ఏడు గంటల వరకు లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో ఉండేలా ఇంట్లో ముందే ఒప్పించుకోండి. విభాగంలో మీ ముఖం నలుగురికి తెలిసేది ఆ రెండు రోజుల్లోనే.

అమ్మాయిల విషయంలో నేను పైన చెప్పిన సాయంత్రపు లెక్కకు ఒక సవరణ అవసరం. మహిళా హాస్టళ్లకు గేటు వేళలుంటాయి. లైబ్రరీ రాత్రి వరకు తెరిచి ఉన్నా ఆ చివరి గంటలు వారికి అందవు. కాబట్టి హాస్టల్ ఎంచుకునే ముందు లోపల రీడింగ్ రూమ్ ఉందా, పరీక్షల కాలంలో గేటు వేళ సడలిస్తారా, ల్యాబ్ ఆలస్యమైన రోజున విభాగాధ్యక్షుల చీటీ చెల్లుతుందా అన్నవి అక్కడే ఉంటున్న విద్యార్థినిని అడిగి తెలుసుకోవాలి. వార్డెన్ కార్యాలయంలో దొరికే సమాధానం నియమం గురించి ఉంటుంది, ఆమె చెప్పేది అమలు గురించి. ఈ పరిమితి ఉన్నప్పటికీ, సీనియర్లతో కలిసి ఉండటం వల్ల వచ్చే లాభం అలాగే మిగులుతుంది కాబట్టి నా మొగ్గు మారదు.

పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఖర్చు ఎక్కువ, అక్కడ ఉండేవారిలో ఉద్యోగులు, కోచింగ్ విద్యార్థులే అధికం. హాస్టల్ సీటు ఖరారయ్యే వరకు ఒకటి రెండు నెలలకు పనికి వస్తాయి. బంధువుల ఇల్లు కూడా అంతే, ఆపై మాట పడవలసి వస్తుంది.

హాస్టల్‌కే సిద్ధపడినవారు దరఖాస్తు విషయంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. తరగతులు మొదలైన తర్వాత గాని హాస్టల్ కేటాయింపులు పూర్తికావు, ఈలోగా ఈపాస్ గడువు ముంచుకొస్తుంది. తొందరపడి డే స్కాలర్‌గా నమోదు చేసుకుంటే తర్వాత ఆ వివరాన్ని మార్పించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావచ్చు. అందువల్ల గడువు తేదీని, కేటాయింపు తేదీని రెండింటినీ అడిగి రాసుకొని, సీటు వచ్చే అవకాశం ఉంటే గడువులోపు వీలైనంత వరకు ఆగి, కేటాయింపు పత్రం చేతికి వచ్చాకే దరఖాస్తులో నివాస వివరాలు నింపండి. బయట గదిలో అప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో యజమానితో ఆ రోజే తేల్చుకోండి.