అతుకు పడిన పాట కోసం అహ్మదాబాదు దాకా

"పాట వినడానికి అహ్మదాబాదు దాకా వెళ్లాలా? ఫోనులో రావడం లేదా?" అని మా అత్తగారు అడిగితే నవ్వి ఊరుకున్నాను. అప్పటికే టికెట్లు చేతికి వచ్చేశాయి. పిల్లల్ని చూసుకుంటానని మా ఆయన మాట ఇచ్చేశారు. పుణెలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు సెలవు పెట్టేశాడు. ఇక జవాబుతో పనేముంది?

జవాబు లేకపోలేదు. 2002లో విజయవాడలో, బీసెంట్ రోడ్డులో మా తమ్ముడు ఒక క్యాసెట్టు కొన్నాడు. ఇంగ్లండు సంగీత బృందం కోల్డ్‌ప్లే మొదటి ఆల్బం అది, 2000లో వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క వాక్‌మన్. చెరో చెవికీ ఒక ఇయర్‌ఫోను పెట్టుకుని, మేడ మీద నీళ్ల ట్యాంకుకు ఆనుకుని వినేవాళ్లం. ఒకరోజు ఆ యంత్రం 'ఎల్లో' పాట రెండో చరణం దగ్గర టేపును మింగేసింది. మావాడు బ్లేడుతో జానెడు ముక్క కోసి పారేసి, సెల్లోటేపుతో అతికించాడు. జానెడంటే అయిదు సెకన్లు. అవతలి వైపు మొదటి పాటకూ అక్కడే గాయమైంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పాటను అతుకుతోనే విన్నాం, అతుకుతోనే పాడుకున్నాం. ఇప్పుడు ఫోనులో నిండుగా వస్తుంది. అయినా ఆ చోటుకు వచ్చేసరికి నా చెవి ఒక అడుగు ముందుకు దూకుతుంది.

వీళ్లది అసలు రాక్ సంగీతమేనా అని గిటారు గట్టిగా వాయించేవాళ్లు ఎద్దేవా చేస్తారని తెలుసు. ఆ తగాదా నాకొద్దు.

2016 నవంబరులో వాళ్లు ముంబై వచ్చినప్పుడు చంటిపిల్లతో ఇంట్లో ఉన్నాను. 2024 సెప్టెంబరు 22న మళ్లీ ముంబై టికెట్లు పెట్టారు. కోటీ ముప్ఫై లక్షల మంది ఒక్కసారిగా ఎగబడ్డారని తర్వాత పత్రికల్లో చదివాను. తెర మీద నా వరుస సంఖ్య ఏడు లక్షల చిల్లర. అన్నం వండి, పిల్లలకు పెట్టి, గిన్నెలు తోమి వచ్చినా ఇంకా నాలుగు లక్షల దగ్గరే ఉంది. నవంబరు 16న అహ్మదాబాదు టికెట్లు తెరిచినప్పుడు 2025 జనవరి 25 కచేరీదీ చేజారింది. అదే రోజు 26న ఇంకో కచేరీ కలిపారు. అది తమ్ముడికి దొరికింది. పై అంతస్తులో ఒక్కొక్కటి 4,500 రూపాయలు. "అక్కా, దొరికాయి!" అని వాడు ఫోనులో అరిస్తే, పక్కన ఎవరికో ఏదో అయిందనుకుని మా ఆయన లేచి వచ్చారు.

ఇక ప్రయాణం. హైదరాబాదు నుంచి అహ్మదాబాదుకు నేరుగా విమానం ఉంది కానీ ఆ వారాంతానికి ధర రెండింతలు దాటింది. వడోదరకు అంత లేదు. అక్కడ దిగి రైలెక్కితే రెండు గంటల్లోపు అహ్మదాబాదు చేరాను. సామాను తక్కువగా ఉన్నవాళ్లకు ఇదే మంచి దారి. తమ్ముడు పుణె నుంచి రాత్రి రైల్లో వచ్చాడు.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. కచేరీ జరిగే మోతేరా స్టేడియానికి దగ్గరలో ఒక హోటలు నవంబరులోనే బుక్ చేశాం. డిసెంబరు చివర్లో వాళ్లే ఫోను చేసి, మరమ్మతుల వల్ల గది ఇవ్వలేమన్నారు. ఆ సాయంత్రమే అదే గది అవే తేదీలకు మూడింతల ధరతో కనిపించింది. మరమ్మతు ధరకు జరిగినట్టుంది! మిగతా చోట్ల చూస్తే, మామూలు రోజుల్లో నాలుగు వేలుండే గదికి ముప్ఫై ఎనిమిది వేలు అడిగారు. మా ఇద్దరి టికెట్లూ, రానుపోను ఖర్చులూ కలిపినా అంత కాలేదు.

తమ్ముడు స్టేడియం పక్కనే ఉండాలన్నాడు. పాత నగరం చూసినట్టూ ఉంటుంది, అక్కడే ఉందామన్నాను నేను. చివరికి ధరే తీర్పు చెప్పింది. ఘీకాంటా మెట్రో స్టేషను నుంచి పది నిమిషాల నడకలో, ఒక పోళ్ లోపల, పాత కలప ఇంట్లో గది దొరికింది. పోళ్ అంటే ఒకే గుమ్మం ఉన్న ఇరుకు వీధుల వాడ. ఇవన్నీ ఉన్న పాత అహ్మదాబాదుకే 2017లో యునెస్కో వారసత్వ నగరం అన్న గుర్తింపు వచ్చింది. మన దేశంలో అలాంటి మొదటి నగరం అదే. ఇద్దరికీ కలిపి రాత్రికి 3,200, ఉదయం ఫలహారంతో సహా.

ఆ ఇంటి మంచిచెడులు చెప్పాలి. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి పైనుంచి ఒక తాడు వేలాడుతుంది. స్నానాలగది కింద, నడవా దాటి. తెల్లవారుజామున అయిదింటికే పావురాలు మొదలుపెడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు నది అవతల ఉస్మాన్‌పురా, విజయ్‌నగర్ వైపు గది చూసుకోవడం మేలు. మోతేరా వెళ్లే మెట్రో దారి అదే కాబట్టి మధ్యలో రైలు మారే పని కూడా ఉండదు.

కానీ నాకా ఇల్లు నచ్చింది. ఇంటావిడను అందరూ 'బా' అంటారు, మేమూ అలాగే పిలిచాం. పొద్దున్నే మెంతికూర థేప్లా రొట్టెలు, పెరుగు, కారం దట్టించిన పచ్చడి. సంక్రాంతి వెళ్లి పన్నెండు రోజులే అయింది, అక్కడ ఉత్తరాయణమంటే గాలిపటాల పండుగ. చెక్కపని బాల్కనీ నిండా, పక్క చెట్టు నిండా, కరెంటు తీగల నిండా గులాబీ రంగు మాంజా వేలాడుతోంది. బా ఓపిగ్గా దాన్ని వేళ్లకు చుట్టి, ఉండలు చేసి డబ్బాలో వేస్తోంది. పక్షుల కాళ్లకు చిక్కుకుంటుందట. నేనూ కూర్చుని కొంత చుట్టాను. చిక్కుపడిన ఆ దారం పోగు చూస్తే, వాక్‌మన్‌లోంచి బయటికి లాగిన మా టేపు పేగులే కళ్లముందు కదిలాయి. తమ్ముడితో అంటే, "బ్లేడు తెమ్మంటావా?" అన్నాడు.

ఇరవై అయిదో తేదీ రాత్రి మాణెక్ చౌక్ వెళ్లాం. పగలు నగల దుకాణాలుండే చోట రాత్రి తిండి అంగళ్లు వెలుస్తాయి. పేరు చాలా విన్నాను కానీ నాకంత గొప్పగా అనిపించలేదు. దోశ అడిగితే పెనం మీద గుప్పెడు వెన్న వేసి, అది కరిగేలోపు ఇంకో గుప్పెడు వేశాడు. మన దోశను ఎరిగినవాళ్లు దాన్ని వేరే వంటకం అనుకుని తినాలి, అప్పుడు బాగానే ఉంటుంది. దానికన్నా మర్నాడు మధ్యాహ్నం ఒక చిన్న భోజనశాలలో తిన్న ఊంధియు వెయ్యి రెట్లు నయం. కంద, చిలగడదుంప, వంకాయ, పచ్చి చిక్కుడు గింజలు, మెంతి ముద్దలు కలిపి చేసే చలికాలపు కూర అది. జనవరిలో వెళ్లేవాళ్లు వదులుకోవద్దు. సీదీ సయ్యద్ మసీదు రాతి జాలీ నడిచి వెళ్లి చూశాం. 1573 నాటిది. దారం అల్లినట్టు రాతిని చెక్కారు. అక్కడ పావుగంట చాలనుకుని వెళ్లి గంట నిలబడ్డాను.

ఇరవై ఆరు ఉదయం సబర్మతి ఆశ్రమం. గణతంత్ర దినం కాబట్టి జనం కిటకిటలాడారు, ప్రశాంతత ఆశించి వెళ్లకండి. 1930 మార్చిలో గాంధీ వెంట దండికి నడిచిన 78 మందిలో మన ఎర్నేని సుబ్రహ్మణ్యం గారు ఉన్నారని తమ్ముడికి చెప్పాను. "వాళ్లు నడిచి వెళ్లారు, నువ్వు మెట్రోలో సీటు దొరకలేదని గొణుగుతున్నావు" అన్నాడు.

మెట్రోకే నా పూర్తి మార్కులు. ఘీకాంటాలో ఎక్కి, ఓల్డ్ హైకోర్టు స్టేషనులో మారి, మోతేరాలో దిగాం. కచేరీ రోజుల్లో రాత్రి పన్నెండున్నర దాకా నడిపారు. తిరుగు ప్రయాణానికి 50 రూపాయల కాగితం టికెట్టు పెట్టారు, ఎక్కడ దిగినా అదే ధర. ఆ టికెట్టు ముందే కొనిపెట్టుకున్నాం, రాత్రి వరుసలో నిలబడక్కర్లేకపోయింది. స్టేడియం చుట్టూ దారులు మూసేశారు. కారులో వచ్చినవాళ్లు ఎక్కడో ఆపి నడిచి వచ్చారు. పక్క హోటలుకు ముప్ఫై ఎనిమిది వేలు పోసినవాళ్లూ మాలాగే నడిచారని తెలిసి మనసు చల్లబడింది.

గేటు దగ్గర బయటి తిండి లోపలికి పోనివ్వరన్నారు. హైదరాబాదు నుంచి తెచ్చిన పులిహోరలో ఇంకో డబ్బా మిగిలి ఉంది. పారేయడానికి మనసొప్పక అక్కడే గోడ పక్కన నిలబడి ఇద్దరం తినేశాం. రెండు రోజుల పులిహోర, అప్పుడు దానికున్న రుచి ఇక చెప్పలేను. వరుసలో ఉన్న ఒక అమ్మాయి అదోలా చూస్తే ఆమెకూ ఒక చెంచా పెట్టాను.

లక్షా ముప్ఫై రెండు వేల మంది పట్టే స్టేడియం అది. లోపల ఎక్కడా చూపుకు అడ్డం వచ్చే స్తంభం లేదు. దీపాలకు కూడా స్తంభాల్లేవు, పైకప్పు అంచున వలయంలా అమర్చారు. మా సీట్ల నుంచి వేదిక అగ్గిపెట్టెంత, గాయకుడు క్రిస్ మార్టిన్ అగ్గిపుల్లంత. ముఖం పెద్ద తెరమీదే చూడాలి. డ్రమ్ము మీద కర్ర పడ్డ తర్వాత కొంచెం ఆగి దెబ్బ వినిపిస్తుంది. ఈ దూరం ఇష్టం లేనివాళ్లు ఎక్కువ డబ్బు పెట్టాల్సిందే. కానీ పై అంతస్తుకో లాభముంది. ప్రవేశించేటప్పుడు అందరికీ ఒక దీపాల చేతిపట్టీ ఇస్తారు. పాటను బట్టి అన్నీ ఒక్కసారే రంగు మారతాయి. మైదానంలో ఉన్నవాళ్లు ఆ వెలుగులో మునిగి ఉంటారు, పైనున్నవాళ్లకు మొత్తం కనిపిస్తుంది. పొలం మీద గాలి వీచినట్టు లక్షమంది చేతుల మీదుగా రంగు పాకడం ఇక్కడి నుంచే బాగుంటుంది.

ఇంకో మాట, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. గుజరాత్‌లో మద్యనిషేధం. అంత జనంలో తూలేవాడు ఒక్కడు కనబడలేదు. తాతయ్యలు, బడి పిల్లలు, మా ముందు వరుసలో చీర మీద స్వెటరు వేసుకున్న ఇద్దరు అమ్మమ్మలు. వేరే నగరాల్లో కచేరీలకు వెళ్లినప్పుడు నాకుండే జాగ్రత్త ఇక్కడ గంటలోనే మాయమైంది.

బయటపడ్డ సంగతి ముందే చెప్పేస్తాను. చివరి పాట అయ్యాక పావుగంట కదలకుండా కూర్చున్నాం, అదే మంచిదైంది. చేతిపట్టీలు తిరిగి వేయడానికి దారిలో పెట్టెలు పెట్టారు. అవి మొక్కల నుంచి చేసిన పదార్థంతో తయారవుతాయి, కడిగి తర్వాతి ఊళ్లో మళ్లీ వాడతారు. దాచుకుంటానని తమ్ముడు జేబులో వేసుకున్నాడు. నేను లాగి పెట్టెలో వేయించాను. గది చేరేసరికి పన్నెండు దాటింది. బా తలుపు గడియ వేయకుండా ఉంచింది.

ఇక పాట. అది గణతంత్ర దినం కాబట్టి వందేమాతరం పాడారు, స్టేడియమంతా లేచింది. క్రికెటర్ బుమ్రా తెర మీద కనిపించినప్పుడు కూడా లేచింది. అవన్నీ పత్రికల్లో వచ్చాయి. 'ఎల్లో' మొదలై గిటారు గీత పడగానే చేతిపట్టీలన్నీ పసుపుపచ్చగా వెలిగాయి, బంతిపూల బుట్ట బోర్లించినట్టు. మొదటి చరణం వచ్చింది, పోయింది. రెండో చరణం వస్తోంది. ఊపిరి బిగపట్టాను. అతుకు ఉండాల్సిన చోట ఆ అయిదు సెకన్లు తాపీగా, పూర్తిగా పాడాడు. లక్షమంది అతని వెంటే పాడుతున్నారు.

పక్కకు తిరిగి చూశాను. మా తమ్ముడు కళ్లు మూసుకుని, గొంతు చించుకుని, వాళ్లందరికన్నా ఒక వాక్యం ముందున్నాడు.