పిల్లులున్న ఇంట్లో పాలిమర్ క్లే: నాలుగేళ్ళు వాడాక

మా ఇంట్లో రెండు పిల్లులు. తెల్లది జున్ను, నల్లది బొగ్గు. నేను నగలు చేసేది పాలిమర్ క్లేతో, అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో. తెల్ల క్లేతో ఏం చేసినా అందులో బొగ్గు వెంట్రుక ఒకటి దొరుకుతుంది, నల్ల క్లేతో చేస్తే జున్నుది. హైదరాబాద్ మల్కాజిగిరిలో మా రెండు గదుల ఫ్లాట్‌లో నాలుగేళ్ళుగా కమ్మలు, లాకెట్లు, కీచైన్లు చేసి అమ్ముతున్నాను, ఎక్కువగా పిల్లి బొమ్మలవే. ఈ క్లే మీద డబ్బు పెట్టొచ్చా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా. పెట్టొచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం సిల్క్ థ్రెడ్ జోలికి పోకండి, అది ముందు చెప్తాను.

నేను మొదలుపెట్టింది దారంతోనే. అప్పట్లో ఎవరిని చూసినా సిల్క్ థ్రెడ్ జుంకాలు, గాజులే కదా, నేనూ సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్ళి ఇరవై రంగుల రీళ్ళు తెచ్చుకున్నా. ఒక రాత్రి డబ్బా మూత పెట్టడం మర్చిపోయాను. తెల్లారేసరికి జున్ను తిండి ముట్టలేదు, రెండుసార్లు కక్కింది, నోటి పక్కన గులాబీ రంగు దారం కొస వేలాడుతోంది. లాగబోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. పిల్లి నాలుక మీద ముళ్ళలాంటివి ఉంటాయి కదా, అవన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి, దారం ఒకసారి లోపలికి పోయిందంటే ఉమ్మేయడం దానికి చాలా కష్టం అని డాక్టర్ చెప్పాడు. ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది పేగుల్లోకి దిగితే, బొందు లాగిన లంగాలా పేగు కుచ్చులు పడుతుందట, అప్పుడు మనం బయటి నుంచి లాగితే పేగు కోసుకుపోతుందట. ఆపరేషన్ అయింది, బిల్లు 20 వేలు దాటింది, ఆర్నెల్ల కమ్మల డబ్బు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ ఆ రోజు రెండూ పిల్లికే. మిగిలిన రీళ్ళన్నీ పక్కింటి అమ్మాయికి ఇచ్చేశాను.

తరవాత రెజిన్ చూశాను, అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం. పోశాక గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది, అంతసేపూ జిగటగా ఉంటుంది, వాసన వేరే, పైగా ఎక్కడ ట్రే కనిపిస్తే అక్కడ కాలు పెట్టే బొగ్గు. నెలలోనే ఆపేశా. లాడ్ బజార్ లక్క గాజులు, అవే 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చినవి, చేసేవాళ్ళ దగ్గర నిలబడి చూస్తే అలాంటిదేదైనా ఇంట్లో చేద్దామనిపించింది గానీ, బొగ్గుల కుంపటి పక్కన మా బొగ్గుని ఊహించుకుని వెనక్కి వచ్చేశా.

పాలిమర్ క్లే పేరుకే మట్టి, నిజానికి పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలాంటి పదార్థంతో కలిపిన ముద్ద. గాలికి ఆరదు. మధ్యలో పిల్లి వాంతి చేసుకుంటే పని వదిలేసి వెళ్ళి రేపు కూర్చున్నా మళ్ళీ పిసకొచ్చు, నాకు నచ్చింది అదే. కాల్చితేనే గట్టిపడుతుంది. ఫిమో సాఫ్ట్ అనే బ్రాండ్ అయితే ప్యాకెట్ మీద 110 డిగ్రీల సెల్సియస్, 30 నిమిషాలు అని ఉంటుంది, స్కల్పీ ప్రీమో అనే ఇంకో బ్రాండ్‌కి 130. నేను చూస్తే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) నాబ్ 130 దగ్గర ఉన్నా లోపల పెట్టిన థర్మామీటర్ 155 చూపించింది. ఎక్కువైతే రంగు మారుతుంది, మరీ మాడితే ఘాటైన యాసిడ్ పొగ వస్తుంది, అది పిల్లులకీ మనకీ మంచిది కాదు. అందుకే బాల్కనీ తలుపు తీసి, పిల్లుల్ని పడగ్గదిలో పెట్టి, ట్రే మీద ఫాయిల్ కప్పి కాలుస్తాను. ఈ ఓటీజీలో కేకులు చేయను, పాతది ఒకటి దీనికే ఉంచేశాను. భయపడి తక్కువ కాల్చినా తంటానే. మొదటి బ్యాచ్ పంపిన వారానికి ఒకావిడ ఫోన్ చేసి "అక్కా, చెవి విరిగింది" అంటే నా గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే పిల్లి బొమ్మ చెవి. ఇప్పుడు సరైన వేడి మీద గంట ఉంచుతాను, చెవుల కొసలు సన్నగా తీయను, కొంచెం గుండ్రంగా వదులుతాను.

ఇక వెంట్రుకలు. అసలు గొడవంతా ఇక్కడే. పచ్చి క్లే అయస్కాంతంలా లాగుతుంది, అందులోనూ తెలుపు మరీ. నైటీ మీదవి, చేతి మీదవి, ఫ్యాన్ గాలికి ఎగిరొచ్చినవి, అన్నీ దానికే. మొదట్లో సూదితో ఒక్కొక్కటే తీస్తూ అర్ధరాత్రి దాకా కూర్చునేదాన్ని. ఇప్పుడు పద్ధతి మారింది: నున్నటి టైల్ ముక్క మీద పని, ఫ్యాన్ బంద్, ప్రతి రంగు మారినప్పుడల్లా తడి వైప్‌తో చేతులు తుడుచుకోవడం, తెలుపుతో మొదలుపెట్టి నలుపుతో ముగించడం. కాల్చే ముందు ఇయర్‌బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి పైపైన తిప్పితే దుమ్ము, వెంట్రుకలు, వేలిముద్రలు చాలావరకు పోతాయి. కాల్చాక కనిపించినదాన్ని నీళ్ళలో తడిపి సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్దుతాను. మే నెలలో ఫ్యాన్ లేకుండా ఈ ఊళ్ళో కూర్చోవడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు, క్లే కూడా వేళ్ళకి అంటుకునేంత మెత్తబడుతుంది, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలంలో ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టను. ఒకసారి పార్సిల్ ఎక్కడ ఎండలో పడుందో, విప్పితే పొడిపొడిగా రాలింది.

డబ్బా విషయం కూడా. పారదర్శకంగా ఉండే స్వీట్ బాక్సులాంటి దాంట్లో పెడితే అడుగు కరిగి క్లేకి అంటుకుంది, అందులోని మెత్తబరిచే పదార్థానికి కొన్ని ప్లాస్టిక్‌లు ఆగవు. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా అయితే ఫర్వాలేదు. గట్టి మూత ఉండాలి, ఎందుకంటే జున్ను దేన్నైనా కొరికి చూస్తుంది.

పూసలకి, హుక్కులకి బేగంబజార్ వెళ్తాను. పిల్లి బొమ్మల కళ్ళకి అక్కడ దొరికే క్యాట్స్ ఐ పూసలు వాడతా, మధ్యలో గీతలా మెరుస్తూ ముద్దొస్తాయి. ఒక షాపులో అవే చూపించి "వైడూర్యం అమ్మా, కేతువుకి మంచిది" అని నమ్మబలికారు. అంత చవగ్గా అమ్మేవి గాజువే, నవరత్నాల్లో వైడూర్యం వేరే రాయి, దాని ధర వింటే నా ఓటీజీ కూడా అమ్ముకోవాలి. హుక్కులు మాత్రం స్టీల్‌వే తీసుకోండి, చవకవాటితో చెవులు దురదపెట్టి ముగ్గురు వెనక్కి పంపారు.

ఖర్చు విషయంలో ఏడుపే. 57 గ్రాముల ప్యాకెట్‌కి నా సైజు కమ్మలు ఆరేడు జతలు వస్తాయి, ప్యాకింగ్, హుక్కులు, కరెంటు పోను మిగిలేది తక్కువ. ఎవరైనా తమ పిల్లి ఫోటో పంపి అచ్చం అలాగే లాకెట్ చేయమంటే కొంచెం గిట్టుబాటు, కాకపోతే మచ్చ ఏ చెవి మీదుందో పొరపాటు పడ్డామా, వాళ్ళు ఊరుకోరు. నల్లపిల్లి కమ్మలు కుర్రవాళ్ళు బాగానే కొంటారు. మా పిన్నికి ఒక జత ఇవ్వబోతే "పొద్దున్నే ఎదురొస్తేనే వెనక్కి తిరుగుతా, చెవులకి తగిలించుకుంటానా" అంది. ఆవిడకి తెల్లవి చేసిచ్చా, వాటిలో బొగ్గు వెంట్రుక ఒకటి ఉండిపోయింది, ఇంకా చెప్పలేదు.