అమెరికా 3-2 డ్యూయల్ డిగ్రీ: ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు

అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (సైన్సుతోపాటు చరిత్ర, సాహిత్యం వంటివి కలిపి చదివించేవి) ప్రచార పత్రాల్లో "ఐదేళ్ళలో రెండు డిగ్రీలు" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. మొదటి మూడేళ్ళు ఆ కాలేజీలోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం వంటి ఒక సబ్జెక్టు ప్రధానంగా చదివి, తరువాతి రెండేళ్ళు ఒప్పందం ఉన్న ఇంజనీరింగ్ స్కూలుకు మారి, చివరికి మొదటి చోటి నుంచి సైన్సు డిగ్రీని, రెండో చోటి నుంచి ఇంజనీరింగ్ డిగ్రీని అందుకునే ఈ పద్ధతినే 3-2 ప్రోగ్రామ్ అంటారు. మా అమ్మాయి ఫిజిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ ఈ దారిలోనే పూర్తి చేసింది. ఫిజిక్స్ మీద నిజమైన ఇష్టం ఉన్న విద్యార్థికి ఇది చాలా మంచి చదువనీ, పేరున్న ఇంజనీరింగ్ స్కూలులోకి దొడ్డిదారి అనుకుని చేరేవారికి మాత్రం నిరాశ తప్పదనీ నా అభిప్రాయం.

రెండేళ్ళలో ఇంజనీరింగ్ డిగ్రీ అనగానే అది కుదించిన చదువేమోనన్న అనుమానం రావడం సహజం. ఆ అనుమానం అక్కరలేదు. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ నిబంధనల ప్రకారం బాచిలర్స్ స్థాయిలో గణితం, మౌలిక శాస్త్రాల నుంచి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాల నుంచి కనీసం 45 క్రెడిట్లు ఉండాలి. మొదటి 30 క్రెడిట్లు చిన్న కాలేజీలోనే పూర్తవుతాయి, హ్యుమానిటీస్ కోర్సులు కూడా దాదాపుగా అక్కడే ముగుస్తాయి. మిగిలిన 45ను నాలుగు సెమిస్టర్లకు పంచితే సెమిస్టర్‌కు పదకొండు, పన్నెండు క్రెడిట్లు పడతాయి కనుక లెక్క కుదురుతుంది.

అయితే కాగితం మీద కుదిరిన లెక్క టైంటేబుల్‌లో కుదరకపోవచ్చు. మెకానికల్ బ్రాంచిలో స్టాటిక్స్ (నిశ్చలంగా ఉన్న వస్తువుల మీద బలాల లెక్క) పూర్తి చేయనిదే మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ తీసుకోనివ్వరు, అది లేకపోతే మెషీన్ డిజైన్ ఉండదు, ఆ పైన చివరి ఏడాది డిజైన్ ప్రాజెక్టు ఉంటుంది. ఈ వరుస మొత్తం నాలుగు సెమిస్టర్లలో ఇమడాలంటే స్టాటిక్స్‌ను ముందే ముగించుకుని రావాలి. కాని చాలా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో ఆ కోర్సే ఉండదు. మా అమ్మాయి దాన్ని వేసవిలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చదివింది. అంతకుముందు సంగతి కూడా ఇలాంటిదే: మొదటి సెమిస్టర్‌లోనే కాల్క్యులస్ మొదలుపెట్టని విద్యార్థికి, మల్టీవేరియబుల్ కాల్క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ల్యాబ్‌తో కూడిన ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్, వీటితోపాటు సొంత మేజర్‌కు కావలసిన పై కోర్సులు అన్నీ మూడేళ్ళలో పూర్తి చేయడం దాదాపు అసాధ్యం. అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, కాలేజీలో అడుగుపెట్టిన వారంలోనే, ఈ నిర్ణయం తీసుకోవాలి. ముందు చేరి తరువాత ఆలోచిద్దాం అనుకునేవారికి ఇందులో చోటు తక్కువ.

రెండు సంస్థల మధ్య మారే ఆ ఘట్టమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా బలహీనమైన భాగం. మూడో ఏడాదిలో ఇంజనీరింగ్ స్కూలు వారు క్రెడిట్ల మూల్యాంకన పత్రం పంపారు. అందులో మా అమ్మాయి చదివిన "భౌతికశాస్త్రంలో గణిత పద్ధతులు" అన్న కోర్సు ఎదురుగా "సమానమైనది కాదు" అని ఉంది, కారణం ఆ పేరులో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు అన్న మాట లేకపోవడమే. సిలబస్, పాఠ్యపుస్తకంలో చదివిన అధ్యాయాల జాబితా, వారం వారం ఇచ్చిన హోంవర్క్ పత్రాలు జతచేసి పంపి, ప్రొఫెసర్ చేత ఒక ఉత్తరం రాయించాక గాని ఒప్పుకోలేదు. ఇక్కడి అడ్వైజర్‌ను అడిగితే అక్కడ అడగమంటారు, అక్కడ అడిగితే మీ కాలేజీ చెప్పాలంటారు. ఒప్పందం మీద రెండు సంస్థల సంతకాలూ ఉన్నా, విద్యార్థి బాధ్యత తీసుకునే మనిషి మాత్రం రెండు చోట్లా కనిపించరు.

ప్రవేశం విషయంలోనూ అన్ని ఒప్పందాలూ ఒకటి కావు. కొలంబియా యూనివర్సిటీలో కంబైన్డ్ ప్లాన్ అనే 3-2 ప్రోగ్రామ్‌లో ఒకప్పుడు అనుబంధ కాలేజీలో నిర్ణీత కోర్సులు, 3.3 జీపీఏ ఉంటే సీటు ఖాయంగా ఉండేది. ఇప్పుడు అది పోటీ ప్రవేశం, అంటే అర్హత ఉన్నా సీటు రాకపోవచ్చు. ఈ మార్పు తెలియని బంధువులు ఇప్పటికీ పాత మాటే చెబుతుంటారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో 3-2తో పాటు మరో ఏడాది కలిపి మాస్టర్స్ కూడా ఇచ్చే 3-3 దారి ఉంది. నా దృష్టిలో ఆరో ఏడాదికి సిద్ధపడేవారికి అదే మేలు. డార్ట్‌మత్‌లోని థేయర్ ఇంజనీరింగ్ స్కూలు పద్ధతి వేరు: విద్యార్థి మూడో ఏడాది అక్కడ చదివి, నాలుగో ఏడాది సొంత కాలేజీకి తిరిగి వచ్చి స్నేహితులతో కలిసి పట్టా పుచ్చుకుని, ఐదో ఏడాది మళ్ళీ వెళ్ళి ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తి చేస్తాడు. మామూలు 3-2లో నాలుగో ఏడాది తోటివారందరూ స్నాతకోత్సవానికి సిద్ధమవుతుంటే మన పిల్లలు వేరే ఊరిలో ఉంటారు, మొదటి డిగ్రీ కూడా సాధారణంగా ఐదో ఏడాది చివరనే చేతికొస్తుంది. అట్లాంటాలో మోర్‌హౌస్, స్పెల్‌మన్, క్లార్క్ (ఇప్పుడు క్లార్క్ అట్లాంటా యూనివర్సిటీ) వంటి కాలేజీల విద్యార్థుల కోసం 1969లో జార్జియా టెక్‌తో మొదలైన కార్యక్రమం మరో నమూనా. కాలేజీలన్నీ పక్కపక్కనే ఉండి, భాగస్వామి స్కూలు కూడా అదే నగరంలో ఉండడం ఎంత వెసులుబాటో, రాష్ట్రం దాటి మారినవారికే బాగా తెలుస్తుంది.

ఇక డబ్బు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తరువాత ఏడాదికి 7,500. మొత్తం మీద బాచిలర్స్ చదువుకు పరిమితి 31,000. నాలుగేళ్ళు పూర్తి మొత్తం తీసుకుంటే 27,000 అయిపోతుంది కనుక ఐదో ఏడాదికి మిగిలేది 4,000 మాత్రమే. ఖర్చు ఎక్కువగా ఉండేది ఆ ఏడాదే. పైగా మొదటి కాలేజీ ఇచ్చిన సొంత స్కాలర్‌షిప్ సాధారణంగా విద్యార్థి వెంట రాదు; రెండో చోట సహాయం ఎంతో మారే ముందు గాని తెలియదు. నాలుగేళ్ళ ఖర్చుకు ఐదో ఏడాది ట్యూషన్ ఒక్కటి కలిపి లెక్క వేసుకుంటే సరిపోదు.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చేవారు మరొకటి గమనించాలి. చదువు తరువాత పని చేయడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు డిగ్రీ స్థాయిని బట్టి వస్తుంది, డిగ్రీల సంఖ్యను బట్టి కాదు. రెండూ బాచిలర్సే కనుక రెండు డిగ్రీలకూ కలిపి ఒకటే ఓపీటీ, దానిమీద సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం డిగ్రీలకు ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు. అదే నాలుగేళ్ళు ఫిజిక్స్ చదివి, మరో రెండేళ్ళు ఇంజనీరింగ్ మాస్టర్స్ చేస్తే పై స్థాయికి వేరే ఓపీటీ లభిస్తుంది. అయితే ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు కావాలనుకునేవారికి అబెట్ గుర్తింపు ఉన్న బాచిలర్స్ డిగ్రీ ఉంటే దారి సులువు. సివిల్ వంటి బ్రాంచీలవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు.

ఇన్ని ఇబ్బందులు రాసినా ఆ మొదటి మూడేళ్ళను నేను తక్కువ చేయలేను. పదిహేను మంది మించని తరగతి, ల్యాబ్‌లో పక్కన నిలబడి పరికరం సరిచేసే ప్రొఫెసర్, వ్యాసం రాయడం నేర్పిన చరిత్ర కోర్సు, ఇవి పెద్ద ఇంజనీరింగ్ స్కూళ్ళలో మొదటి రెండేళ్ళు అంత సులభంగా దొరకవు. ఉష్ణ ప్రసరణ తరగతిలో తోటివారు సూత్రంగా గుర్తుపెట్టుకున్న సమీకరణాన్ని మా అమ్మాయి ఏడాది క్రితమే మొదటి నుంచీ సాధించి చూసింది. అక్కడ ఆమెకు కొత్తగా అనిపించినవి యూనిట్లు, పట్టికలు, గడువులు. వెనకబడింది మరో చోట: ఇంజనీరింగ్ స్కూళ్ళలో ఉద్యోగ మేళాలు చాలావరకు సెప్టెంబరులోనే మొదలవుతాయి, ఆగస్టు చివర్లో వచ్చిన విద్యార్థి రెజ్యూమెలో అప్పటికి స్టాటిక్స్ వంటిది తప్ప ఇంజనీరింగ్ కోర్సు ఉండదు, ఇంటర్న్‌షిప్‌కు మిగిలేది మధ్యలో వచ్చే ఒక్క వేసవే.

స్మిత్, స్వార్త్‌మోర్ వంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అబెట్ గుర్తింపు ఉన్న ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో అక్కడికక్కడే దొరుకుతుంది. చిన్న కాలేజీ వాతావరణమే కావాలనుకునేవారు ముందు వాటిని చూడడం మంచిది. ఫలానా ఇంజనీరింగ్ బ్రాంచి, దానితోపాటు ఫిజిక్స్ లోతు రెండూ కావాలనుకునేవారికి 3-2 నిలుస్తుంది. అలాంటివారు చేరే ముందు కాలేజీ నుంచి రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: గత ఐదేళ్ళలో ఈ దారిలో నిజంగా మారినవారు ఎందరు, ఏయే స్కూళ్ళకు అన్నది ఒకటి; ఇంజనీరింగ్ స్కూలు కోరే ప్రతి ముందస్తు కోర్సుకూ ఇక్కడ ఏ కోర్సు సరిపోతుందో చూపే, ఆ స్కూలు ఆమోదించిన పట్టిక రెండోది. మొదటి సంవత్సరమే మనసు మార్చుకుని ఫిజిక్స్‌లోనే ఉండిపోయే విద్యార్థులు ఎక్కువ కనుక, మొదటి ప్రశ్నకు "చాలామంది ఆసక్తి చూపుతారు" అన్న జవాబు వస్తే దాన్ని అంకెగా లెక్కించవద్దు.