లాటిన్ మాటల ఆచూకీకి విక్షనరీ: ఒక సమీక్ష

ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషలలో ఏ ఒక్కటి నేర్చుకోవడం మొదలుపెట్టినా, ఒకే లాటిన్ మాట ఈ సోదర భాషలన్నింటిలో ఏ రూపం దాల్చిందో, ఏ అర్థానికి చేరిందో ఒకేచోట చూడాలన్న కోరిక త్వరలోనే కలుగుతుంది. ఉచితంగా దొరికే సాధనాలలో ఈ పనికి 2002 డిసెంబరులో మొదలైన ఆన్‌లైన్ నిఘంటువు, ఇంగ్లీషు విక్షనరీని మించినది లేదని నా అభిప్రాయం. అయితే మాట ఎక్కడికి చేరిందో చూపినంత బాగా, ఎందుకు అలా మారిందో అది చూపలేదు.

లాటిన్ పదాల పుటలలో అర్థాలు, రూపాల పట్టికల తరువాత ఆ పదం సంతతిని చూపే విభాగం ఒకటి ఉంటుంది. తరతరాలుగా జనం నోట నలిగి వచ్చిన మాటలను శాఖలవారీగా చూపి, పండితులు తరువాతి కాలంలో పుస్తకాల నుంచి అరువు తెచ్చుకున్నవాటికి బాణం గుర్తు పెడతారు. ఈ ఒక్క గుర్తు తెలియకపోతే ధ్వనుల మార్పులో క్రమమే కనిపించదు.

దీని బలం, పరిమితి రెండూ తెలియాలంటే ‘ప్లికారె’ అనే క్రియను వెతికి చూడాలి. లాటిన్‌లో దీనికి మడవడం అని అర్థం. ఇటాలియన్ ‘పియెగారె’, ఫ్రెంచి ‘ప్లియే’ ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. స్పానిష్ ‘యెగార్’, పోర్చుగీసు ‘షెగార్’ అంటే మాత్రం చేరుకోవడం. రుమేనియన్ ‘ప్లెకా’ అంటే బయలుదేరి వెళ్లిపోవడం. ‘ప్ల’ ఇలా మారడంలో వింతేమీ లేదు. వాన అనే అర్థమున్న ‘ప్లువియా’ కూడా స్పానిష్‌లో ‘యువియా’, పోర్చుగీసులో ‘షువా’ అయింది. తేల్చవలసింది రాకపోకల చిక్కే. రేవు చేరిన నావికులు తెరచాపలు మడుస్తారనీ, దండు కదిలేటప్పుడు సైనికులు గుడారాలు మడుస్తారనీ తరచుగా ఒక వివరణ చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉన్నా, ఈ రెండు భాగాలకూ ఉన్న ఆధారం సమానం కాదు. ఓడను ఒడ్డుకు చేర్చడమనే అర్థంలో, ‘ప్లికారె’కు ఉపసర్గ చేరగా ఏర్పడిన ‘అప్లికారె’ ప్రాచీన లాటిన్ గ్రంథాలలోనే ఉంది. 4వ శతాబ్దం చివర క్రైస్తవుల పవిత్రభూమికి వెళ్లిన ఎగేరియా అనే స్త్రీ తన యాత్రాకథనంలో కొండను, నగరాన్ని సమీపించడానికి కూడా ‘ప్లికారె’నే వాడింది, అంటే అప్పటికే ఆ మాట ఓడను వదిలి నేల మీద నడుస్తోంది. గుడారాల కథకు ఇంతటి సాక్ష్యం చూపడం కష్టం.

ఇటువంటి తూకం విక్షనరీలో అన్ని పుటలకూ ఒకేలా ఉండదు. ఎవరైనా రాయగలిగే నిఘంటువు కావడం వల్ల కొన్ని పుటలలో ఆధారాలు నిండుగా, కొన్నింటిలో పలుచగా ఉంటాయి. అందువల్ల అక్కడ మొదలుపెట్టి ఆయా భాషల నిఘంటువులకు వెళ్లడమే మేలు. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు వ్యుత్పత్తిని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. 1971 నుంచి 1994 వరకు 16 సంపుటాలుగా వెలువడిన ఫ్రెంచి నిఘంటువు ‘ట్రెజోర్’ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. మాట మొదట ఏ కాలపు రచనలో, ఏ అర్థంలో కనిపించిందో చెప్పే దాని చరిత్ర భాగం నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తుంది. రుమేనియన్‌కు 2001లో మొదలైన డెక్స్‌ఆన్‌లైన్ ఉంది. ఆంధ్రభారతిలో వెతికితే సూర్యరాయాంధ్ర, బ్రౌణ్య నిఘంటువుల ఫలితాలు కలిసి వచ్చినట్లే, ఇక్కడా పలు నిఘంటువుల వివరణలు ఒకే పుటలో వస్తాయి. ‘ప్లెకా’కు వంచడం, వంగడం అనే పాత అర్థాలు నేటికీ నిలిచి ఉన్నాయన్న సంగతి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిసారి ప్రయత్నించేవారు ‘ఫికాటుమ్’తో ప్రారంభిస్తే బాగుంటుంది. అత్తిపండ్లు మేపి బలిపించిన జంతువు కాలేయానికి రోమన్లు పెట్టిన ఆ వంటింటి పేరే ఇటాలియన్ ‘ఫేగతొ’, స్పానిష్ ‘ఈగదొ’, ఫ్రెంచి ‘ఫ్వా’, రుమేనియన్ ‘ఫికాత్’లుగా మారి, కాలేయానికి ఉన్న పాత లాటిన్ పేరు ‘యెకుర్’ను పక్కకు నెట్టింది. విక్షనరీలో వీటిని వరుసగా తెరిచి, ఉచ్చారణ గుర్తులలో ఊనిక ఎక్కడ పడుతోందో పోల్చి చూడాలి: ఇటాలియన్, స్పానిష్ మాటలలో అది మొదటి అక్షరం మీద పడితే, రుమేనియన్‌లో రెండవ అక్షరం మీదనే నిలిచింది.